తవ్వితే దొరికిన ఫిరంగి షెల్ ఎవరి లెక్కలోకి వస్తుంది?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందం మీద కిందటి సంచికలో వేసిన వ్యాసంలో 'తర్వాత దొరికినవాటిని కూడా ప్రకటించాలి' అని ఒక్క వాక్యం రాసి వదిలేశాం. ఉత్తరాలన్నీ ఆ వాక్యం మీదే వచ్చాయి. విజయవాడ, గుంటూరుల నుంచి వచ్చినవాటిలో ఒకే తీరు ప్రశ్నలను కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: ఒక గైడులో 30 రోజుల్లో ప్రకటించాలని ఉంది, ఇంకో గైడులో 180 రోజులని ఉంది. గ్రూప్-1లో ఏది రాయమంటారు?
– పోటీ పరీక్షల అభ్యర్థి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: రెండు గైడులూ తప్పు రాయలేదు, చెరి సగం రాశాయి. 30 రోజులన్నది ఒప్పందంలో చేరిన దేశానికి పెట్టిన గడువు. తమకు ఒప్పందం అమల్లోకి వచ్చిన 30 రోజుల్లోపు తమ దగ్గరున్న సరుకంతా మొదటి డిక్లరేషన్‌లో చూపాలి. ఇది మూడో అధికరణంలో ఉంది. ఒప్పందం 1997 ఏప్రిల్ 29న అమల్లోకి వచ్చింది. మన దేశం ఆ జూన్‌లోనే 1,044 టన్నుల మస్టర్డ్ (ఒంటి మీద బొబ్బలు లేపే విషరసాయనం) నిల్వ ఉందని ప్రకటించి, 2009 మార్చికల్లా దాన్ని నాశనం చేసేసింది.

180 రోజుల సంగతి వేరు. మొదటి డిక్లరేషన్ అయిపోయాక పాత ఆయుధాలో, వేరే దేశం వదిలేసి వెళ్లినవో బయటపడితే, కనుగొన్న 180 రోజుల్లోపు హేగ్‌లోని ఓపీసీడబ్ల్యూ (ఒప్పందం అమలు చూసే రసాయన ఆయుధాల నిషేధ సంస్థ) సాంకేతిక సచివాలయానికి సమాచారం ఇవ్వాలి. వెరిఫికేషన్ అనుబంధం 4(బి) భాగం చెప్పేది ఇదే. పార తగిలిన రోజునే మొదటి రోజుగా వేసుకోవడం క్షేమం. ల్యాబ్ రిపోర్టు వచ్చాక చూద్దాంలే అని కూర్చుంటే ఆర్నెల్లు ఇట్టే కరిగిపోతాయి.

మూడో రకం ఒకటుంది, దాన్ని చాలా గైడులు వదిలేస్తాయి. 1946 తర్వాత తయారైనదో, 1925–1946 మధ్యదే అయినా ఇంకా వాడటానికి పనికొచ్చేదో దొరికితే అది 'పాత ఆయుధం' కిందికి రాదు. నాలుగో అధికరణం 9వ పేరా ప్రకారం దాన్ని నివేదించాలి, భద్రపరచాలి, 4(ఎ) భాగం ప్రకారం నాశనం చేయాలి. పాతవాటికిచ్చే వెసులుబాట్లు దీనికి వర్తించవు.

ప్రశ్న: 'పాత' ఆయుధానికీ 'వదిలేసిన' ఆయుధానికీ తేడా ఏమిటి? మొదటి ప్రపంచ యుద్ధం నాటివైతే చెప్పనక్కర్లేదని విన్నాను.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: తప్పుగా విన్నారు మాస్టారూ. అవీ చెప్పాల్సినవే. చెప్పిన తర్వాత జరిగే పనిలోనే తేడా.

1925కి ముందు తయారైనదని సచివాలయం తనిఖీ చేసి నిర్ధారిస్తే, దాన్ని విషపూరిత వ్యర్థంగా లెక్కేసి ఆ దేశం తన చట్టాల ప్రకారం వదిలించుకోవచ్చు. ఏం చేస్తున్నదీ సచివాలయానికి తెలియజేస్తే సరిపోతుంది. 1925–1946 మధ్య తయారైనదైతే 'పాతది' అనిపించుకోవడానికే ఇంకో షరతు ఉంది: ఆయుధంగా ఇక వాడలేనంతగా పాడైపోయి ఉండాలి. తగువులు వచ్చేది ఇక్కడే. పైన తుప్పు పట్టిందంటే పాడైపోయినట్టేనా? కాదు. పేల్చే భాగం చచ్చిపోయి, లోపలి ద్రవం మాత్రం ఒంటిని కాల్చేంత ఘాటుగా మిగిలి ఉండవచ్చు. బెల్జియం, ఫ్రాన్స్ రైతుల నాగళ్లకు నేటికీ మొదటి యుద్ధపు షెల్స్ తగులుతూనే ఉన్నాయి. ఇనుమును నూరేళ్లలో తుప్పు తినేసినా లోపలి సరుకు చావలేదు.

'వదిలేసినవి' అనాలంటే నాలుగు ముక్కలూ కలవాలి: 1925 జనవరి 1 తర్వాత, ఒక దేశం, ఇంకో దేశపు గడ్డ మీద, ఆ దేశం ఒప్పుకోకుండా వదిలి ఉండాలి. ఒకే షెల్ పాతదీ కావచ్చు, వదిలేసినదీ కావచ్చు.

మీకు చేరిన మాటకు మూలం బహుశా ఇంకో మినహాయింపు. 1977 జనవరి 1కి ముందు తన నేలలో పాతిపెట్టి, ఇప్పటికీ భూమిలోనే ఉన్నవాటిని, 1985 జనవరి 1కి ముందు సముద్రంలో పడేసినవాటిని ప్రకటించాలో వద్దో ఆ దేశం ఇష్టం. 'ఇప్పటికీ భూమిలోనే' అన్న మాట కింద గీత గీసుకోండి. పొక్లెయిన్ పన్ను తగిలి పైకొచ్చిందా, మినహాయింపు చెల్లిపోయింది. వాషింగ్టన్ నగరంలో స్ప్రింగ్ వ్యాలీ అనే ఖరీదైన పేటలో 1993 జనవరి 5న ఒక కాంట్రాక్టరు కాలువ తవ్విస్తుంటే మొదటి యుద్ధపు మందుగుండు బయటపడింది. ఒకప్పుడు అక్కడ విశ్వవిద్యాలయం ఆవరణలో సైన్యం విషవాయువుల ప్రయోగాలు చేసేది. పారిస్‌లో ఈ ఒప్పందాన్ని సంతకాలకు పెట్టడానికి అప్పటికి సరిగ్గా ఎనిమిది రోజులుంది.

ప్రశ్న: విదేశీ తుక్కు లోడులో అప్పుడప్పుడు షెల్ ముక్కలు వస్తుంటాయి. ద్రవం కారుతున్న షెల్ వస్తే మేం ఏం చేయాలి? అది కూడా 'వదిలేసిన ఆయుధమే' అవుతుందా?
– తుక్కు వ్యాపారి, ఆటోనగర్, విజయవాడ

జవాబు: మీరు చేయాల్సినవి తక్కువ, చేయకూడనివి ఎక్కువ. మాగ్నెట్ క్రేన్ ఆపించండి. షెల్‌ను దొర్లించి చూడొద్దు, నీళ్లు కొట్టి కడగొద్దు, గ్యాస్ కట్టర్ దగ్గరికి రానివ్వొద్దు. బండి మీద పెట్టుకుని పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లడమన్నది అన్నిటికంటే పెద్ద తప్పు, ఎక్కువగా జరిగేదీ అదే. గాలి ఎటు నుంచి వీస్తోందో చూసుకుని మనుషుల్ని ఆ వైపుకి, దూరంగా పంపి 112కు ఫోన్ చేయండి. బాంబు స్క్వాడ్ వస్తుంది. 'ద్రవం కారుతోంది, మనుషులు తాకారు' అన్న రెండు సంగతులూ ఫోన్‌లోనే చెప్పండి. గన్నవరం దగ్గర కొండపావులూరులో ఎన్డీఆర్ఎఫ్ పదో బెటాలియన్ ఉంది. రసాయన ప్రమాదాలకు తర్ఫీదు పొందిన మనుషులు అక్కడి నుంచి రాగలరు.

ద్రవం తగిలినవాళ్ల బట్టలు వెంటనే తీయించి ఒంటిని ధారాళంగా కడిగించండి. తాకిన ప్రతి మనిషి పేరూ కాగితం మీద రాసిపెట్టండి. మస్టర్డ్ తగిలితే అప్పటికప్పుడు మంట కూడా తెలియదు, బొబ్బలు కొన్ని గంటల తర్వాత లేస్తాయి. 'నాకేం కాలేదు సార్' అని ఇంటికెళ్లిన కూలీకి అర్ధరాత్రి కళ్లు మూసుకుపోతాయి. అప్పుడు వాణ్ని వెతికి పట్టుకోవాలంటే ఆ కాగితమే దిక్కు.

కంటైనర్ నంబరు, బిల్ ఆఫ్ ఎంట్రీ, ఎక్కడ లోడ్ అయిందో చెప్పే పత్రాలు, రవాణాకు ముందు చేసిన తనిఖీ సర్టిఫికెట్ – వీటిని తీసి పక్కన పెట్టుకోండి. రేపు ఢిల్లీ నుంచి అడిగే మొదటి ప్రశ్న 'ఏ దేశం నుంచి వచ్చింది?' అనే. 2004లో ఘజియాబాద్ దగ్గర ఒక ఉక్కు కర్మాగారంలో విదేశీ తుక్కుతో వచ్చిన షెల్ పేలి కార్మికులు చనిపోయారు. తుక్కు దిగుమతుల మీద కాగితాలు ఇన్ని పెరగడానికి అలాంటివే కారణం.

ఇక రెండో సగం. అది 'వదిలేసిన' ఆయుధం కాదు. వదలాల్సింది ఒక దేశం. మీకు పంపింది వ్యాపారి. అందులో నిజంగా రసాయనం ఉంటే, తయారైన ఏడాదిని బట్టి అది 'పాతది' అవుతుంది, లేదా మామూలుగా 'తర్వాత బయటపడిన ఆయుధం' అవుతుంది. ప్రకటించాల్సిన బాధ్యత మన ప్రభుత్వానిదే, మీది కాదు.

(1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద వేసిన బాంబుల గురించి ఇద్దరు అడిగారు. అవి మామూలు పేలుడు బాంబులు. ఈ లెక్కలోకి రావు.)

ప్రశ్న: షెల్ మూత తీయకుండా లోపలున్నది ఏ రసాయనమో ఎలా చెబుతారు? తెలియకుండా డిక్లరేషన్‌లో ఏం రాస్తారు?
– కెమిస్ట్రీ అధ్యాపకురాలు, గుంటూరు

జవాబు: మొదటి పరీక్ష మీ పిల్లలకు బెంచి మీద చూపించగలిగినంత తేలిక. షెల్‌ను ఎక్స్‌రే తీస్తారు. తర్వాత దాన్ని కొద్దిగా వాల్చి మళ్లీ తీస్తారు. లోపల ద్రవం ఉంటే, కొబ్బరికాయలో నీళ్లలా, షెల్ ఎటు వాలినా పైమట్టం గీత నేలకు సమాంతరంగానే నిలబడుతుంది. గీత కూడా షెల్‌తో పాటే వాలితే లోపలున్నది గట్టి పదార్థం, అంటే మామూలు పేలుడు మందు కావచ్చు.

ఇక్కడో గొయ్యి ఉంది. గంధకపు మస్టర్డ్ 14 డిగ్రీల సెల్సియస్ దగ్గరే గడ్డకడుతుంది. మన విజయవాడలో ఆ చలి అరుదు కాబట్టి దాదాపు ఎప్పుడూ ద్రవంగానే ఉంటుంది. అదే ఈశాన్య చైనా చలికాలంలో గీత కదలదు. కదలలేదు కదా, పేలుడు మందే అని రాసేస్తే పెద్ద తప్పు. పైగా దశాబ్దాల పాటు నిల్వ ఉన్న మస్టర్డ్ కొంత చిక్కబడి, బెల్లం పాకంలా అడుగున పేరుకుపోతుంది. గీత కదిలినా బద్ధకంగా కదులుతుంది.

రెండో పరీక్షకు న్యూట్రాన్ పరికరం వాడతారు. వాడుకలో 'పిన్స్' అంటారు. కాలిఫోర్నియం-252 నుంచి వచ్చే న్యూట్రాన్లు షెల్ గోడ దాటి లోపలి పరమాణువులను తాకితే, ఒక్కో మూలకం తనదైన శక్తితో గామా కిరణాలు వదులుతుంది. జెర్మేనియం డిటెక్టర్ వాటిని చదువుతుంది. క్లోరిన్, గంధకం కలిసి కనిపిస్తే మస్టర్డ్ అని అనుమానం. క్లోరిన్‌తో ఆర్సెనిక్ ఉంటే లూయిసైట్ అనే ఇంకో విషం. భాస్వరం కనిపిస్తే నరాల మీద పనిచేసే విషం కావచ్చు, ఉత్త తెల్ల భాస్వరపు పొగ షెల్ కూడా కావచ్చు. టైటానియం టెట్రాక్లోరైడ్ నింపిన పొగ షెల్ కూడా క్లోరిన్ చూపిస్తుంది. పరికరం చెప్పేది మూలకాలనే. అణువు పేరు మనిషి ఊహించుకుంటాడు. ఆ షెల్ కొలతలు, పట్టీ రంగులు, పాత ఆర్డినెన్స్ పుస్తకాల్లోని బొమ్మలు, అన్నీ పక్కన పెట్టుకుని ఊహిస్తాడు.

అందుకే డిక్లరేషన్‌లో రాసే మాట జాగ్రత్తగా ఎంచుకుంటారు. 'మస్టర్డ్' అని రాస్తే అది దేశం ఇచ్చిన మాట. 'ద్రవంతో నిండి ఉంది, క్లోరిన్, గంధకం కనిపించాయి, మస్టర్డ్ అని అనుమానం' అని రాస్తే తర్వాత దిద్దుకోవడానికి చోటు ఉంటుంది. ఒప్పందమే 'వీలైనంత మేరకు' అని వెసులుబాటు ఇచ్చింది. తెలియనిది తెలియదని రాయడమే మంచి డిక్లరేషన్‌కు గుర్తని మా అభిప్రాయం. ఖాళీ గడి వదలడం మాత్రం వద్దు. అవతలివాళ్లు దాన్ని సున్నా అని చదువుకుంటారు.

ప్రశ్న: ఆ పత్రం ఎలా ఉంటుంది? ఎవరు రాస్తారు, ఎవరు సంతకం చేస్తారు?
– న్యాయశాస్త్ర విద్యార్థి, నాగార్జున విశ్వవిద్యాలయం

జవాబు: మన దేశంలో ఈ పనికి కేబినెట్ సెక్రటేరియట్ కింద నేషనల్ అథారిటీ ఉంది. 2000 నాటి రసాయన ఆయుధాల ఒప్పంద చట్టం దానికి ఆధారం. ఆ చట్టం 2005 జులై 1న అమల్లోకి వచ్చింది. సమాచారం అక్కడ కూడుతుంది. హేగ్‌లో ఉండే మన రాయబారే ఓపీసీడబ్ల్యూకి శాశ్వత ప్రతినిధి కూడా. పత్రం ఆ కార్యాలయం నుంచి సచివాలయానికి వెళుతుంది.

పైన ఉండే ఉత్తరాన్ని నోట్ వెర్బాల్ అంటారు. మేము, మీరు అనే మాటలే ఉండవు. 'శాశ్వత ప్రతినిధి కార్యాలయం సాంకేతిక సచివాలయానికి అభినందనలు తెలియజేస్తూ, ఫలానా విషయం తెలియపరచే గౌరవం పొందుతున్నది' అన్న ధోరణిలో, మన పాత దస్తావేజుల భాషలా నడుస్తుంది. పూర్తి సంతకం ఉండదు, పొడి అక్షరాలు, ముద్ర ఉంటాయి. ఈ మర్యాదంతా ఒక పేజీ. అసలు సరుకు జతచేసిన కాగితాల్లో ఉంటుంది: స్థలం, రకం, సంఖ్య, ఇప్పుడున్న స్థితి. వదిలేసినవైతే ఎవరు, ఎప్పుడు, ఎలా వదిలారన్న దాని మీద దొరికిన సమాచారం కూడా.

స్థలం అంటే ఊరి పేరు కాదు, అక్షాంశ రేఖాంశాలు. దొరికిన చోటు ఒకటి, భద్రపరిచిన చోటు ఒకటి ఉంటాయి. ఏ అంకెలు ఏ చోటివో స్పష్టంగా రాయకపోతే తనిఖీ బృందం ఖాళీ పొలంలో దిగుతుంది. సంఖ్యలో ఎక్కువగా దొర్లే తప్పు ఒకే షెల్‌ను రెండుసార్లు లెక్కించడం: తవ్విన బృందం రాసిన లెక్క, గోదాములో రాసిన లెక్క, రెండూ కూడేస్తారు. దీనికి మందు ఒక్కటే. గోతిలో నుంచి తీసేటప్పుడే ప్రతిదానికీ నంబరు బిళ్ల కట్టి, నాశనమయ్యే దాకా ఆ నంబరే నడపాలి. షెల్స్ ఎన్ని అన్నది ఒక గడి, లోపలి రసాయనం బరువు ఎంత అన్నది ఇంకో గడి. పగిలి కారిపోయిన ఖాళీ షెల్‌ను నిండుదాని బరువుతో రాస్తే, నాశనం రోజున కిలోలు తగ్గుతాయి. తగ్గిన కిలోలు ఎటు పోయాయన్న ప్రశ్నకు జవాబు చెప్పడం, మొదట్లో తక్కువ రాయడం కంటే కష్టం.

పత్రం మీద గోప్యత ముద్ర కూడా ఎంచాలి. ఓపీసీడబ్ల్యూలో 'పరిమితం', 'రక్షితం', 'అత్యంత రక్షితం' అని మూడు మెట్లున్నాయి. భయంతో అన్నిటికీ పై మెట్టు వేస్తే, చదవాల్సినవాళ్ల చేతికే అందదు.

ఆలస్యంగానైనా చెప్పడం నేరాంగీకారం కాదని రెండు దేశాలు చూపించాయి. అల్బేనియాలో పాత పాలకులు కొండ బంకరులో దాచిన సుమారు 16 టన్నుల విషం బయటపడితే 2003లో ప్రకటించి, 2007లో నాశనం పూర్తిచేసింది. నిల్వనంతా వదిలించుకున్న మొదటి దేశం అదే. లిబియా 2004లో చేరినప్పుడు గడాఫీ ప్రభుత్వం కొంత దాచింది. 2011లో ఆ ప్రభుత్వం పడిపోయాక కొత్తవాళ్లు మస్టర్డ్ నింపిన షెల్స్‌ను బయటపెట్టి అదనపు డిక్లరేషన్ ఇచ్చారు.

ప్రశ్న: వదిలేసినవాటి ఖర్చు ఎవరిది? వాటిని నాశనం చేసే కొలిమి వేరే దేశంలో ఉంటే అక్కడికి పంపేయొచ్చు కదా?
– పాఠకురాలు, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: డబ్బు, సాంకేతికత, నిపుణులు, యంత్రాలు – అన్నీ వదిలేసిన దేశానివే. నేల ఉన్న దేశం సహకరిస్తే చాలు. వదిలింది ఎవరో తేలకపోతే, లేదా ఆ దేశం ఒప్పందంలో లేకపోతే, సంస్థనూ మిగతా సభ్యదేశాలనూ సాయం అడగవచ్చు.

అన్నిటికంటే పెద్ద ఉదాహరణ చైనాలో జపాన్ సైన్యం వదిలినవి. రెండు దేశాలూ 1999 జులై 30న అవగాహన పత్రం రాసుకున్నాయి. నాన్జింగ్‌లో 2010లో, జిలిన్ రాష్ట్రం హార్బాలింగ్‌లో 2014 చివర్లో నాశనం మొదలైంది. 2007కే ముగియాల్సిన పనికి గడువు 2012కు, ఆ తర్వాత ఇంకా ముందుకు జరిగింది. ఈలోగా 2003 ఆగస్టు 4న చిచిహార్ నగరంలో ఒక నిర్మాణ స్థలంలో అయిదు పాత పీపాలు బయటపడ్డాయి. అవేమిటో తెలియక తుక్కుగా అమ్మేశారు. మస్టర్డ్ కారి ఒకరు చనిపోయారు, 40 మందికి పైగా గాయపడ్డారు. ఆటోనగర్ పాఠకుడికి ఇచ్చిన జవాబు అంత పొడుగైంది ఇందుకే.

పంపడం కుదరదు. రసాయన ఆయుధాన్ని ఎవరికీ బదిలీ చేయకూడదని మొదటి అధికరణమే చెబుతోంది. నాశనం చేయడానికైనా సరే. సిరియా నిల్వను దేశం దాటించడానికి 2013లో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 2118వ తీర్మానం చేయాల్సి వచ్చింది. సుమారు 600 టన్నులను 2014లో మధ్యధరా సముద్రంలో 'కేప్ రే' అనే ఓడ మీద నిర్వీర్యం చేశారు. లిబియా రసాయనాలు 2016లో జర్మనీకి వెళ్లడానికి 2298వ తీర్మానం కావాల్సి వచ్చింది. లేదంటే యంత్రమే దొరికిన చోటికి వెళ్లాలి. పనామాలోని శాన్ హోసే దీవిలో దొరికిన 8 పాత బాంబులను 2017లో అమెరికా బృందం అక్కడే నాశనం చేసింది.

ప్రశ్న: ఇరాక్‌లో అమెరికా సైనికులకు దొరికినవాటి సంగతి?
– పాఠకుడు, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: 2004–2011 మధ్య సుమారు 5,000 పాత రసాయన షెల్స్, బాంబులు అక్కడ దొరికాయని 2014లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక బయటపెట్టింది. చాలావరకు 1991కి ముందు తయారైనవి. ఇరాక్ 2009లో గానీ ఒప్పందంలో చేరలేదు. అప్పటిదాకా ఆ షెల్ ఎవరి లెక్క? ఒప్పందం 'సొంతమైనవి' అని మాత్రమే అనదు, 'అధికార పరిధిలో లేదా అధీనంలో ఉన్నవి' అంటుంది. చేతికొచ్చినవాడి అధీనంలోకి వచ్చినట్టే కదా అన్నది ఒక వాదన. తూటాల మధ్య తనిఖీదారులను పిలిచి, నంబర్లు చూపించి, పద్ధతిగా నాశనం చేయడం కుదరదన్నది రెండో వాదన. దొరికినచోటే పేల్చేయడం కుదరదని అనలేంగానీ, లోపలేముందో సైనికుడికి చెప్పకుండా ఆ పని చేయించడాన్ని ఏ వాదనా సమర్థించదు.

ప్రశ్న: మా మిరపకాయల ఘాటుతో చేసే స్ప్రే కూడా రసాయన ఆయుధమే అంటున్నారు. యార్డులో దీని మీద పందెం నడుస్తోందండీ!
– మిర్చి కమీషన్ వ్యాపారి, గుంటూరు

జవాబు: పందెం ఇద్దరూ గెలిచారు. మిరప ఘాటుకు మూలమైన కాప్సైసిన్‌ను పోలీసులు అల్లరిమూకను చెదరగొట్టడానికి వాడితే ఒప్పందం అడ్డుచెప్పదు. అదే స్ప్రేను యుద్ధ పద్ధతిగా వాడితే నిషిద్ధం. ఒప్పందం చూసేది వాడే ఉద్దేశాన్ని. మన వాటర్ వర్క్స్‌లో నీళ్లు శుభ్రం చేసే క్లోరిన్‌కూ ఇదే సూత్రం. దేశాలు ఇలా అల్లర్ల అదుపు కోసం ఉంచుకున్న ప్రతి రసాయనం పేరు, నిర్మాణ సూత్రం, ఉంటే రిజిస్ట్రీ సంఖ్య ప్రకటించాలి. మార్పు జరిగితే 30 రోజుల్లో తెలపాలి. ఎంత ఉందో చెప్పనక్కర్లేదు. మీ బస్తాల జోలికి మాత్రం ఎవరూ రారు.

ప్రశ్న: ట్రైఇథనోలమైన్ డ్రమ్ములు కొని అమ్ముతాం. డిక్లరేషన్ మేం కూడా ఇవ్వాలా?
– రసాయనాల డీలర్, విజయవాడ

జవాబు: అది ఒప్పందంలోని రసాయనాల జాబితాల్లో మూడోదైన మూడో షెడ్యూలులో ఉంది. ప్లాంటు డిక్లరేషన్ తయారుచేసేవాళ్లది, అదీ ఏడాదికి 30 టన్నులు దాటితే. కొని దేశంలోనే అమ్మేవాళ్లకు ఆ బాధ లేదు. దిగుమతి, ఎగుమతి లెక్కలు మాత్రం దేశం మొత్తానికి కూడి హేగ్‌కు వెళతాయి కాబట్టి, మీరు పోర్టు నుంచి నేరుగా తెప్పిస్తుంటే ఇన్వాయిస్‌లో పేరు, శాతం స్పష్టంగా ఉండేట్టు చూసుకోండి. ఒప్పందంలో లేని దేశానికి పంపాలంటే తుది వినియోగదారు సర్టిఫికెట్ లేనిదే కదలదు.